కూర్చునే పనికి రాసిన లెక్క

ఫిబ్రవరి 2

93.4

డైటీషియన్ రాయమంది కాబట్టి రాస్తున్నాను. రోజూ పొద్దున బరువు, ఆ రోజు తిన్నది, చేసిన పని. "నాకు చూపించక్కర్లేదండీ, మీకు మీరు అబద్ధం చెప్పుకోకుండా ఉంటే చాలు" అంది. నా మొహంలో ఆమెకి ఏం కనిపించిందో మరి.

కెమెరా గది మూసేస్తున్నారు. నాలుగేళ్ళుగా పన్నెండు తెరల ముందు కూర్చుని ఎవరి లిఫ్టు ఏ అంతస్తులో ఆగిపోయిందో చూడటం నా ఉద్యోగం. ఇక ఆ పని యంత్రమే చూసుకుంటుందట. సూపర్‌వైజర్ మర్యాదగానే చెప్పాడు. పాత పనికి వెళ్తానంటే చోటుంది, కాకపోతే మార్చి ఆఖరులోగా తూకంలో నిలబడాలి. పాత పని అంటే తాడు మీద వేలాడుతూ అద్దాలు తుడవడం. మనిషీ సామానూ కలిపి వంద కిలోలు దాటకూడదు. సామాను పదమూడు. అంటే నేను 87. ఆ తర్వాత కూడా నెలనెలా తూకం ఉంటుంది, ఒక్క వంద గ్రాములు ఎక్కువున్నా దింపేస్తారు. దింపితే నన్ను పెట్టుకోవడానికి ఇంకో కుర్చీ లేదు.

డైటీషియన్ మొదట అడిగింది ఒకటే. "కూర్చునే పనా, నిలబడే పనా, ఒళ్ళు వంచే పనా?" కూర్చునే పని అన్నాను. రోజుకి 1600 కేలరీలు అని రాసిచ్చింది. వచ్చేటప్పుడు మళ్ళీ పిలిచి చెప్పింది. "పని మారిన రోజు నా దగ్గరికి రండి. తాడెక్కితే ఇది చాలదు. అప్పుడు రెండువేల మూడొందలైనా కావాలి. బరువు తగ్గాలన్నా సరే, పని పెరిగితే తిండి పెరగాల్సిందే." తల ఊపాను.

ఫిబ్రవరి 6

92.8. తిన్నది 1580. నా కంచం చూసి అక్క "పిచ్చుకకి పెట్టినట్టుందిరా" అంది. బావ తన కంచంలోంచి తలెత్తకుండా "వదిలెయ్యవే, పెళ్ళిచూపులకి తయారవుతున్నాడు" అన్నాడు. నాకు నలభై ఒకటి. ఈ ఇంట్లో పై గదిలో ఉండి పన్నెండేళ్ళయింది, ఈ జోకు వయసూ అంతే.

ఫిబ్రవరి 23

90.5. కడుపులో ఎలుకలు మొదటి వారమే పరుగెత్తాయి. ఇప్పుడు అవీ అలవాటు పడ్డాయి.

మార్చి 14

88.3. నోరు కట్టుకోవడం ఇంత తేలికని ఎవరూ చెప్పలేదు. కెమెరా గదిలో నాతో ఇంకో ఇద్దరున్నారు. వాళ్ళకీ ఇదే మాట చెప్పారు, ఒకడు రోజూ బజ్జీల పొట్లంతో వస్తున్నాడు. వాడి మీద జాలి పడుతున్నాను. నిజానికి జాలి కాదు. సంతోషంగా ఉంది.

మార్చి 29

86.8. గెలిచాను.

సూపర్‌వైజర్ త్రాసు ముల్లు దగ్గరికి వంగి రెండుసార్లు చూశాడు. బజ్జీలవాడు 91 దగ్గర ఆగిపోయాడు. సాయంత్రం వాడు అలమరా ఖాళీ చేసుకుంటుంటే నేను ఎదురుపడకుండా వెనక మెట్ల మీంచి దిగాను. ఇంటికొచ్చాక, ఇప్పటికీ తాడు పనే చేస్తున్న బావ నా భుజం మీద గట్టిగా చరిచి "మళ్ళీ మన జత కలిసింది" అన్నాడు. ఆయన బరువు అరవై మూడు కిలోలు, ఎంత తిన్నా అంతే. దేవుడు కొందరిని అలా పుట్టిస్తాడు.

రెండొందల గ్రాములు. నాకూ వీధికీ మధ్య ఉన్నది అంతే.

ఏప్రిల్ 1

86.7. మొదటి రోజు. నాలుగేళ్ళలో మర్చిపోయి ఉంటానని బావ పైకప్పు మీద పాఠం మళ్ళీ మొదటి నుంచీ చెప్పాడు. పదమూడేళ్ళ కింద ఈ పని నేర్పింది ఆయనే.

"తాళ్ళు ఎన్ని?"

"రెండు బావా. ఒకటి కూర్చునే పలకకి, రెండోది వీపు మీద కొక్కేనికి."

"పలక జారితే?"

"రెండోది పట్టుకుంటుంది."

"నీ వీపు నీకు కనపడుతుందా?"

"కనపడదు."

"మరి?"

మరి, అందుకే జత. ఆయన నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. నేను కొక్కెం మర వేళ్ళతో తిప్పి బిగించి, తాడు గుంజి, "చూశాను" అన్నాను. ఆ మాట వినకుండా ఎవడూ అంచు దాటడు. "కళ్ళతో కాదు, చేత్తో చూడు. మీ అక్క మొగుడి వీపురా అది" అన్నాడు. నేను తిరిగాను, ఆయన చూశాడు. తర్వాత ఇద్దరం ఇరవై ఒక్క అంతస్తుల మీంచి దిగాం. గాలి చెవుల్లో హోరుమంటుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ తెరల గదిలో నాలుగేళ్ళు ఎలా ఉన్నానో.

వాచీ 3050 చూపించింది. ఒక్క రోజులో ఖర్చయిన కేలరీలు అవి. తిన్నది 1600.

డైటీషియన్ దగ్గరికి ఆదివారం వెళ్ళాలి.

ఏప్రిల్ 6

ఆదివారం. బట్టలు ఉతుక్కున్నాను. వచ్చే వారం వెళ్తాను.

ఏప్రిల్ 7

85.8. వారంలో దాదాపు కిలో. కెమెరా గదిలో ఉంటే దీనికి పది రోజులు పట్టేది.

ఆలోచించాను. ఆమె దగ్గరికి వెళ్తే రెండువేల మూడొందలు తినమంటుంది. తింటే ఈ తగ్గిన కిలో ఏమవుతుంది? నెలాఖరున ముల్లు 87.1 దగ్గర ఆగితే ఆమె వచ్చి సూపర్‌వైజర్‌తో మాట్లాడుతుందా? కనీసం 84 దాకా పోనిచ్చి, అప్పుడు పెంచుకుంటాను. అప్పుడు గుండె మీద చెయ్యేసుకుని తినొచ్చు.

ఏప్రిల్ 10

85.3. తిన్నది 1450. మధ్యాహ్నం పైకప్పు మీద నీళ్ళ ట్యాంకు నీడలో డబ్బాలు విప్పుతాం. అక్క నా డబ్బాలో రెండు గుడ్లు దాచి పెట్టింది. బావ డబ్బాలోకి మార్చేశాను. "మీ అక్కకి తెలిస్తే నన్ను చంపుతుంది" అంటూనే తినేశాడు.

చివరి రెండు అంతస్తులు ఒళ్ళు తేలికగా ఉంది.

ఏప్రిల్ 13

ఆదివారం. నిద్రపోయాను.

ఏప్రిల్ 15

84.6. తిన్నది 1400. ఎండలో కూడా వేళ్ళు చల్లగా ఉంటున్నాయి. ఆ బక్కెట్టు నీళ్ళ వల్ల.

ఏప్రిల్ 17

84.2. ఒళ్ళు తేలికగా ఉంది.

పదకొండో అంతస్తులో ఒక ముసలాయన కిటికీ దగ్గర కూర్చుని గోళ్ళు కత్తిరించుకుంటున్నాడు. నేను అద్దం మీద సబ్బు పూసేదాకా నన్ను చూడలేదు. చూసి, ఏమాత్రం తడబడకుండా, నా వైపు చెయ్యి చాపి గోళ్ళు చూపించాడు, బాగున్నాయా అన్నట్టు. బాగున్నాయని తలూపాను. తర్వాత చాలాసేపు నవ్వుకున్నాను.

ఏప్రిల్ 18

83.9. 84 దాటాను. ఇక పెంచుకోవచ్చు. ఇంకొక కిలో పోయాక పెంచుకుంటే ఇంకా నిశ్చింత.

ఏప్రిల్ 21

83.5. తిన్నది 1350.

పదకొండో అంతస్తులో ఒక ముసలాయన గోళ్ళు కత్తిరించుకుంటున్నాడు. నన్ను చూసి చెయ్యి చాపి గోళ్ళు చూపించాడు, బాగున్నాయా అన్నట్టు.

ఇంత రాశాక వెనక పేజీ తిప్పితే ఇది మొన్ననే రాసి ఉంది. ఇవాళ మేము ఉత్తరం వైపు గోడ మీద ఉన్నాం. అటువైపు కిటికీలే తక్కువ. నవ్వొచ్చింది. అలసిపోయి ఉంటాను.

ఏప్రిల్ 24

83.3.

మధ్యాహ్నం కిందికి దిగాక బావ పంపు దగ్గర మొహం కడుక్కోవడానికి వంగాడు. వీపు మీద కొక్కెం మర విప్పి ఉంది. పూర్తిగా విప్పి ఉంది. కొక్కేన్ని మూసి ఉంచే నాలుక తెరుచుకుని తాడు ఒక పక్కకి ఒరిగి ఉంది.

దిగేటప్పుడు తనే చెయ్యి వెనక్కి పెట్టి తీసుకుని ఉంటాడు. ఒక్కోసారి దిగగానే తీసేస్తారు. బావ తీయడు, కానీ ఇవాళ తీసి ఉండొచ్చు.

పొద్దున చూశాను అన్నాను. అన్నాను కదా. నా గొంతు నాకు గుర్తుంది. చెయ్యి గుర్తు రావడం లేదు.

నేను వెళ్ళి మర బిగించాను. "ఏంట్రా?" అన్నాడు. "దుమ్ము బావా" అన్నాను.

ఏప్రిల్ 25

83.3. ఇవాళ రెండుసార్లు తిప్పి చూశాను. గట్టిగా గుంజాను. "ఏంట్రా, ఎద్దుని కట్టేస్తున్నావా" అన్నాడు బావ. చూశారా, ఏం కాలేదు. ఎవరికి చెబుతున్నానో ఈ మాట.

నిన్నటి సంగతి బావకి చెప్పాలి. చెప్తే ఎందుకలా అయిందంటాడు. రేపు చెప్తాను.

ఏప్రిల్ 26

నెల తూకం. 83.2. సూపర్‌వైజర్ నన్ను త్రాసు మీద నిలబెట్టి మిగతావాళ్ళందరినీ పిలిచి చూపించాడు. "మనిషన్నాక పట్టుదల ఇలా ఉండాలి" అన్నాడు. వెనక నుంచి ఎవడో "మనిషి సగమే మిగిలాడు సార్" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. బావ నవ్వలేదు.

తిన్నది 1300. ఇవాళ తగ్గించాల్సిన అవసరం లేదు, అయినా.

ఏప్రిల్ 29

82.7. డైటీషియన్ ఫోన్ చేసింది. అక్క చేయించి ఉంటుంది, ఊరికే ఎందుకు చేస్తుంది.

"మూడు నెలలయిందండీ, రానేలేదు. బరువెంత ఉన్నారు?"

చెప్పాను.

"కూర్చునే పనికి ఇంత తగ్గకూడదే. పని మారిందా?"

"లేదండీ. ఇంకా కూర్చునే పనే."

ఎంత తేలికగా వచ్చిందో ఆ మాట. "కళ్ళు బైర్లు కమ్మడం, చేసింది మర్చిపోవడం లాంటివి ఏమైనా ఉన్నాయా?" అని అడిగింది. ఏమీ లేవన్నాను. "పోనీ ఒకసారి రండి" అంది. వస్తానన్నాను.

పలక మీద కూర్చునే కదా పని చేసేది. పూర్తి అబద్ధం కాదు.

మే 2

82.4. అక్క మీద అరిచాను. చారులో నూనె ఎక్కువేసిందని. చారులో నూనేంటని ఇప్పుడు అనిపిస్తోంది. అక్క కంచం తీసేసి లోపలికి వెళ్ళిపోయింది. చిన్నప్పుడు నాన్న అరిస్తే కూడా ఇలాగే వెళ్ళిపోయేది. సిగ్గేసింది. వెళ్ళి ఒక మాట చెబుదామనుకున్నాను. మెట్లు దిగే ఓపిక లేదు.

మే 5

82.0. తిన్నది 1300. వాచీ 2980.

"చెయ్యి వణుకుతోందేంట్రా?" అన్నాడు బావ.

"టీ తాగలేదు పొద్దున."

"ఒక వారం సెలవు పెట్టు. నేను చెప్తాను సూపర్‌వైజర్‌కి."

"ఎందుకు, నాకేమైంది?"

"అద్దంలో చూసుకున్నావా ఈ మధ్య?"

"రోజంతా చూసేది అద్దాలే కదా బావా."

నవ్వాడు, కానీ నన్ను చూడటం ఆపలేదు. వారం సెలవు పెడితే వారం కూర్చోవాలి. కూర్చుంటే బరువు పెరుగుతుంది. ఈ సంగతి ఆయనకి చెప్పినా అర్థం కాదు, అరవై మూడు కిలోల మనిషి.

మే 7

81.9. నిన్న ఏం రాయలేదు. నిన్న పనికి వెళ్ళానా అని ఒక నిమిషం అనుమానం వచ్చింది. బూట్లకి సబ్బు మరకలున్నాయి. వెళ్ళాను.

మే 8

81.8. ఒళ్ళు తేలికగా ఉంది.

మే 11

బావ పడిపోయాడు.

మే 12

బతికే ఉన్నాడు.

నిన్న పొద్దున పదిన్నరకి. ఆదివారమైనా పని పెట్టారు. మూడో అంతస్తు దగ్గర, దాదాపు దిగిపోయినట్టే. మూల తిరగడానికి పక్కకి వాలాడు, పలక పట్టీ ఒకటి జారింది. పలక జారడం ఏడాదికోసారి ఎవరికో ఒకరికి అయ్యేదే. రెండో తాడు పట్టుకుంటుంది, కాసేపు వేలాడి, నాలుగు తిట్లు తిట్టుకుని మళ్ళీ పలకెక్కుతారు. నాకూ అయింది, రెండుసార్లు. నేను ఆయన పక్కనే ఉన్నాను. ఎదురుచూశాను, ఇప్పుడు ఆగుతాడు కదా అని. రెండో తాడు నా కళ్ళ ముందే ఖాళీగా ఊగింది.

వాకిలి మీద రేకు ఉండబట్టి ప్రాణం దక్కింది. రేకు వంగిపోయింది. తుంటి ఎముక, నడుములో రెండు పూసలు. డాక్టరు "ఏడాదికి నడిస్తే అదృష్టం. తాడు మాట మర్చిపోండి" అన్నాడు. అక్క "అలాగేనండీ" అంది, ఏదో బజారు సామాను చెప్పినట్టు. తర్వాత వరండాలో బెంచీ మీద కూర్చుని నా చేతిలో అరటిపండు పెట్టి, "తిను. నువ్వు కూడా పడిపోతే నేను ఇద్దర్ని చూడలేను" అంది.

తిన్నాను. నోట్లో పెట్టుకుంటే కన్నీళ్ళు ఆగలేదు. అక్క నా వీపు నిమురుతూ కూర్చుంది. బావ కోసం ఏడుస్తున్నాననుకుంది.

మే 14

సూపర్‌వైజర్ కాగితం తెచ్చాడు. జరిగింది రాసివ్వాలట. "మీ బావ ఏమన్నాడో రాసుకొచ్చాను. నువ్వు కింద సంతకం చేస్తే చాలు" అన్నాడు. బావ చెప్పింది చదివాను.

నా జతగాడు వీపు చూశాడు. చూశాను అన్న తర్వాతే నేను అంచు దాటాను. పద్నాలుగో అంతస్తు దగ్గర గోడ అంచుకి వీపు రాసుకుంది. అప్పుడే మర వదులై ఉంటుంది. తప్పు నాది.

కాగితం జేబులో పెట్టుకుని వచ్చాను. రేపటిలోగా ఇవ్వాలి.

నా కోసం ఆయన అబద్ధం ఆడుతున్నాడు. ఎంత మంచివాడు.

మే 15

పొద్దున ఆస్పత్రిలో బావని అడిగాను. అక్క మందులకి వెళ్ళింది.

"ఎందుకు బావా అలా చెప్పారు?"

"ఎలా?"

"గోడకి రాసుకుందని."

"మరి ఇంకెలా ఊడుతుంది?" అన్నాడు. "నాలుగు రోజుల నుంచి పడుకుని అదే ఆలోచిస్తున్నాను. పద్నాలుగో అంతస్తు దగ్గర వంగాను, అక్కడే అయ్యుంటుంది. నువ్వు చూశాను అన్నావు. నువ్వు అన్నావంటే చూసే ఉంటావు. నీకు నేర్పింది నేనే కదా. నలభై ఏళ్ళకి ఇంత పట్టుదలగా నిలబడ్డావు, నేనే ముసలాణ్ణయిపోయాను. కాళ్ళూ చేతులూ ఎటు కదులుతున్నాయో తెలియడం లేదు నాకు."

అబద్ధం ఆడటం లేదు. నమ్ముతున్నాడు. తన ఒంటినే అనుమానిస్తున్నాడు, నన్ను కాదు.

ఇంటికొచ్చి ఈ పుస్తకం తీశాను. పదకొండో తేదీ పొద్దున ఏం చేశానో ఎక్కడైనా రాసుకున్నానేమోనని. ఎలా రాసుకుంటాను, ఆ రోజు రాసింది ఒక్క మాటే. మొదటి నుంచీ తిప్పాను. గ్రాములున్నాయి. వాచీ అంకెలున్నాయి. ఎవరో ముసలాయన గోళ్ళు రెండుసార్లు ఉన్నాయి. బావ వీపు మూడు చోట్లే ఉంది, మొదటి రోజు, ఇరవై నాలుగు, ఇరవై ఐదు. మిగతా రోజులు ఎక్కడా లేదు.

ఆ పొద్దున నా గొంతు గుర్తుంది. చెయ్యి గుర్తు లేదు. రెండు చేతులూ నా చంకల్లో ఉన్నాయి, వేళ్ళు చల్లబడి. అది గుర్తుంది. చంకల్లోంచి తీయకుండానే అన్నాను. తీస్తే చలేస్తుందని.

ఇది ఇప్పుడు గుర్తొచ్చింది కాదు. ఆయన పడుతున్నప్పుడే గుర్తొచ్చింది.

మే 16

కాగితం మీద సంతకం చేయలేదు. వెనక వైపు నా చేత్తో రాసి సూపర్‌వైజర్ బల్ల మీద పెట్టాను. చదివి, మళ్ళీ చదివి, "నువ్వు ఇది రాయక్కర్లేదు, ఆలోచించుకో" అన్నాడు. ఆలోచించుకునే రాశానన్నాను. నా అలమరా తాళంచెవి అడిగి తీసుకున్నాడు.

అక్కడి నుంచి ఆస్పత్రికి వెళ్ళాను. అక్క కిటికీ దగ్గర దుప్పటి మడత పెడుతోంది. ఇద్దరూ ఉండగానే చెప్పాలనుకున్నాను.

"చూడలేదు బావా" అన్నాను.

"ఏం చూడలేదు?"

"మీ వీపు. ఆదివారం పొద్దున. చెయ్యి పెట్టలేదు. ఊరికే అన్నాను."

తిండి సంగతి చెప్పాను. 1600 కూర్చునే పనికి రాసిందని, తాడెక్కాక కూడా మార్చలేదని, ఇంకా తగ్గించానని, డైటీషియన్‌కి అబద్ధం చెప్పానని, పంపు దగ్గర మర విప్పి ఉండటం చూసి కూడా నోరు మెదపలేదని. ఒకదాని వెనక ఒకటి అన్నీ చెప్పాను. అక్క చేతిలో దుప్పటి సగం మడత మీద ఆగిపోయింది. బావ పైకప్పు వైపు చూస్తున్నాడు. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండునని ఎంత కోరుకున్నానో.

"ఆ రెండు రోజులేనా?" అన్నాడు.

"అంటే?"

"నలభై రోజులు ఎక్కాం కదా. మిగతా రోజులు చూశావా?"

చూశానని చెప్పడానికి నోరు తెరిచాను కూడా.

"తెలియదు బావా" అన్నాను. "నాకు నిజంగా తెలియదు."

బావ ఆ పక్కకి తిరగబోయాడు. నడుం కదలలేదు, నొప్పికి పళ్ళు బిగించి మళ్ళీ నా వైపే ఉండిపోయాడు. అక్క దుప్పటి కుర్చీ మీద పెట్టి వచ్చి, మంచానికీ నాకూ మధ్య తెర లాగేసింది.